మూడో మెషిన్ మాత్రం ఎందుకు పడలేదు: ఒక ప్రాజెక్టు డైరీ

2024 మే 6, సోమవారం

ఇన్నాళ్లూ నోట్సు ఎక్కడ పడితే అక్కడ రాసుకున్నాను. మా ప్రోగ్రాములు మధ్యలో పడిపోయే ఈ సమస్య అలా తేలేలా లేదు కాబట్టి ఈ రోజు నుంచి విడిగా రాస్తున్నాను.

పని ఏమిటంటే, పాత తెలుగు పుస్తకాల స్కాన్లను అక్షరాలుగా మార్చడం. కాకినాడలో మా ల్యాబ్‌లో దీనికి ఎనిమిది మెషిన్లు పెట్టాం. పిల్లలు వాటికి కూలీ-1 నుంచి కూలీ-8 దాకా పేర్లు పెట్టారు. ఒక్కో మెషిన్‌లో నాలుగేసి ప్రాసెస్‌లు (ఒకేసారి నడిచే ప్రోగ్రామ్ కాపీలు), మొత్తం 32. స్కాన్లు, మేం రాసుకున్న ఓసీఆర్ (బొమ్మలోని అక్షరాలను గుర్తించే) ప్రోగ్రామ్, దాని పదకోశం అన్నీ ఒకే ఫైల్ సర్వర్ మీద ఉంటాయి. ఎనిమిది మెషిన్లకూ అది ఎన్‌ఎఫ్‌ఎస్ (నెట్‌వర్క్ మీదుగా ఫైళ్లు పంచుకునే పద్ధతి) ద్వారా ఒకే ఫోల్డర్‌గా కనిపిస్తుంది. సర్వర్ పాతది, ఎన్‌ఎఫ్‌ఎస్ మూడో వెర్షన్‌తోనే నడుపుతున్నాం. 1995లో వచ్చిన వెర్షన్ అది. నమ్మకంగానే పనిచేస్తోంది అనుకుంటూ వచ్చాం.

ఒక్కో బ్యాచ్ దాదాపు 200 పుటలు, 40 నిమిషాలు పడుతుంది. (ఈ డైరీలో పుస్తకానివి పుటలు, మెమరీవి పేజీలు. కలిసిపోతే నాకే అర్థం కాదు.) పోయిన వారం 23 బ్యాచ్‌లు మధ్యలో పడిపోయాయి. తెర మీద మిగిలేది ఒక్క మాట: బస్ ఎర్రర్. ఎగ్జిట్ కోడ్ 135. ప్రోగ్రామ్‌ని ఆపుతూ సిస్టమ్ పంపే సిగ్నల్ నంబరుని 128కి కలిపితే వచ్చేది ఈ కోడ్. లినక్స్‌లో 7వ సిగ్నల్ బస్ ఎర్రర్. మామూలుగా ప్రోగ్రాముల్లో చూసే సెగ్మెంటేషన్ ఫాల్ట్ అయితే 11వ సిగ్నల్, 139 వచ్చేది. అవీ రెండు మూడు ఉన్నాయి, కానీ ఎక్కువ 135లే.

కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ మూల భాగం) లాగ్‌లో వెతికాను. సెగ్మెంటేషన్ ఫాల్ట్‌కి ఒక లైను రాస్తుంది కదా, దీనికి అదీ లేదు. ప్రోగ్రామ్ నిశ్శబ్దంగా పోయింది.

మే 8, బుధవారం

మొదటి అనుమానం ర్యామ్ మీదికి పోయింది. ఎండలు మండిపోతున్నాయి, ల్యాబ్‌లో రెండు ఏసీల్లో ఒకటే పనిచేస్తోంది. ఎక్కువసార్లు పడిన కూలీ-5, కూలీ-6ల మీద రాత్రంతా మెమరీ టెస్ట్ నడిపాను. ఒక్క తప్పూ రాలేదు. స్విచ్‌లో పోర్టుల ఎర్రర్ లెక్కలు చూశాను, అన్నీ సున్నా. సర్వర్ స్పందించడం లేదు అని ఎన్‌ఎఫ్‌ఎస్ క్లయింట్ (మెషిన్‌లో సర్వర్‌తో మాట్లాడే భాగం) రాసే లైను కూడా ఎక్కడా లేదు. అంటే నెట్‌వర్క్ తెగిపోవడం కాదు.

ఈ రెండు రోజులూ వృథా అనుకోను. అయినా ఒక మాట ముందే ఆలోచించాల్సింది: ఎనిమిది మెషిన్ల ర్యామ్ ఒకే వారంలో పాడవదు. అందరికీ కలిసి వచ్చిన జబ్బుకి అందరూ కలిసి తాగే నీళ్లనే ముందు చూడాలి.

మే 10, శుక్రవారం

కోర్ ఫైలు (ప్రోగ్రామ్ పడిన క్షణంలో దాని మెమరీ నకలు) దొరికింది. ఇంతవరకూ కోర్ సైజు పరిమితి సున్నాగా ఉండిపోయింది, అందుకే ఏమీ మిగలలేదు. పరిమితి ఎత్తేసి, కోర్ ఫైళ్లు ఆయా మెషిన్ల సొంత డిస్క్ మీదే పడేలా మార్చాను. అనుమానం ఉన్న ఫోల్డర్‌లోనే సాక్ష్యం దాచుకోకూడదు కదా.

జీడీబీ అనే డీబగ్గర్‌లో తెరిచి సిగ్నల్ వివరాలు చూశాను. సిగ్నల్‌తో వచ్చిన కోడ్ 2. దాని అర్థం, ప్రోగ్రామ్ అడిగిన అడ్రసు దగ్గర మెమరీ లేదని. ఆ అడ్రసు ఏ ఫైలుకి చెందిన మెమరీలో పడుతుందా అని జాబితా తిరగేస్తే, పదకోశం ఫైలు వచ్చింది.

పదకోశం గురించి ఇక్కడ చెప్పాలి. 180 ఎంబీ ఫైలు. పాత పుస్తకాల్లో వచ్చే పదాలు, బండి ఱ తో, అరసున్నలతో సహా, అక్షర క్రమంలో ఉంటాయి. దాన్ని ప్రోగ్రామ్ మొత్తంగా చదవదు. ఎమ్‌మ్యాప్ చేస్తుంది. అంటే ఫైలు మెమరీలో ఉన్నట్టు కెర్నల్ ఒప్పుకుంటుంది, కానీ నిజంగా ఏ చోటు ముట్టుకుంటే ఆ 4096 బైట్ల పేజీని అప్పుడు తెచ్చి పెడుతుంది. లైబ్రరీలో పుస్తకం మన పేరు మీద రాసుకుని, కావలసినప్పుడల్లా వెళ్లి ఆ పుట చూసుకుని రావడం లాంటిది. ఇంటికి తెచ్చుకున్నట్టే ఉంటుంది, పుస్తకం మాత్రం అక్కడే ఉంటుంది.

పడిపోయిన అడ్రసు ఫైలు మొదటి నుంచి 97 ఎంబీ దగ్గర. ఫైలు 180 ఎంబీ. ఉన్న చోటే అడిగింది. మరి లేదని ఎందుకు చచ్చిపోయింది? మూడు సార్లు లెక్కపెట్టాను. తప్పు లేదు. టెన్షన్‌గానే ఇంటికి వచ్చాను.

మే 14, మంగళవారం

నిన్న పోలింగ్. ల్యాబ్ సెలవు. ఎవరూ లాగిన్ కాలేదు, ఎవరూ కంపైల్ చేయలేదు. క్యూలో ఉన్న బ్యాచ్‌లు మాత్రం శుక్రవారం నుంచి వాటంతట అవి నడుస్తూనే ఉన్నాయి. ఓటేసి వచ్చి సాయంత్రం ఇంటి నుంచి లాగ్‌లు చూశాను. ఇంత శుభ్రమైన రోజు మళ్లీ దొరకదు.

మామూలు రోజుల్లో మధ్యాహ్నాలు కూడా పడతాయి. నిన్న పగలు ఒక్కటీ పడలేదు. పడినవి 11, అన్నీ తెల్లవారుజామున 2.30 తర్వాత, 40 నిమిషాల లోపు. అందులో కూలీ-3 మీద నాలుగు ప్రాసెస్‌లూ 2 గంటల 30 నిమిషాల 1 సెకనుకి ఒకేసారి పోయాయి. మిగతా మెషిన్లలో కొన్ని 2.31కి, కొన్ని 2.33కి. వాటిలోనూ ఒక పద్ధతి ఉంది: ఒక ప్రాసెస్ తన బ్యాచ్ ముగించి కొత్తది మొదలుపెట్టగానే, అదే మెషిన్‌లో నడుస్తున్న మిగతా ముగ్గురూ ఒకే క్షణంలో కూలిపోయారు.

2.30కి ఏం జరుగుతుందో నాకు తెలుసు. ప్రూఫ్ చూసేవాళ్లు పగలు దిద్దిన పదాలన్నీ చేర్చి పదకోశాన్ని మళ్లీ తయారుచేసే స్క్రిప్ట్ అది. కూలీ-3 మీద నడుస్తుంది. జనవరిలో నేనే రాశాను. అందులో చివరి లైను, సార్టింగ్ ఫలితాన్ని నేరుగా పదకోశం ఫైలులోకి మళ్లిస్తుంది. షెల్ (ఆదేశాలు నడిపే ప్రోగ్రామ్) అలా మళ్లించేటప్పుడు ముందు ఫైలుని సున్నా బైట్లకి కత్తిరిస్తుంది, ఆ తర్వాతే సార్టింగ్ మొదలవుతుంది. సార్టింగ్‌కి నాలుగు నిమిషాలు. ఆ నాలుగు నిమిషాలూ 180 ఎంబీ ఫైలు ఖాళీ ఫైలు.

97 ఎంబీ దగ్గర చోటు లేదన్న మాట అబద్ధం కాదు. ఆ క్షణంలో నిజంగానే లేదు. నేను చూసేసరికి మళ్లీ ఉంది.

ఇందులో నాకు ముందే కనిపించి కూడా వదిలేసిన లైను ఒకటుంది. ఆ సమయంలో కొత్తగా మొదలైన ప్రాసెస్‌లు "పదకోశం ఖాళీ, మళ్లీ ప్రయత్నిస్తున్నాం" అని రాసి, ఒక నిమిషం ఆగి సర్దుకునేవి. వారాలుగా లాగ్‌లో ఆ లైను ఉంది. సర్దుకుంటోంది కదా అని పట్టించుకోలేదు.

సాయంత్రం చిన్న ప్రయోగం చేశాం. ఒక ఫైలుని ఎమ్‌మ్యాప్ చేసి, సెకనుకి ఒకసారి అందులో ఒకే చోటు చదివి ఆ బైటు చూపించే పాతిక లైన్ల ప్రోగ్రామ్. కూలీ-1 మీద నడిపి, కూలీ-2 నుంచి ఆ ఫైలుని ఖాళీ చేశాను. కూలీ-1లో ఏమీ కాలేదు. పది సెకన్లు, ఇరవై సెకన్లు, అదే బైటు చూపిస్తూనే ఉంది. ఎంటెక్ కుర్రాడు పక్కనే ఉన్నాడు.

"అన్నా, ఫైలు ఖాళీ అయిపోయింది కదా, ఇంకా ఎక్కడి నుంచి చదువుతోంది?"

"తన దగ్గరున్న కాపీ నుంచి. సర్వర్ దగ్గర మారిందని దానికి ఇంకా తెలియదు. ఇప్పుడు ఇదే మెషిన్‌లో ఇంకో టెర్మినల్ తెరిచి ఆ ఫైలులో మొదటి బైటు చదువు."

చదవగానే మొదటి ప్రోగ్రామ్ చచ్చిపోయింది. బస్ ఎర్రర్.

ఎన్‌ఎఫ్‌ఎస్ క్లయింట్ ఫైలు మారిందా లేదా అని ప్రతి క్షణం అడగదు. ఫైలు సైజు, తేదీ లాంటి వివరాలను మామూలు సెట్టింగుల్లో 3 సెకన్ల నుంచి 60 సెకన్ల దాకా తన దగ్గరే నమ్మకంగా ఉంచుకుంటుంది. కానీ ఎవరైనా ఫైలుని కొత్తగా తెరిస్తే మాత్రం తప్పకుండా సర్వర్‌ని అడుగుతుంది. అడిగాక మారిందని తెలిస్తే, పాత పేజీలన్నీ పారేస్తుంది. అప్పటిదాకా ఆ పేజీల మీద నిలబడ్డ పాత ప్రాసెస్ కాలికింద నేల పోతుంది. కొత్త ప్రాసెస్ మొదలైనప్పుడే పాత ముగ్గురూ ఎందుకు పడ్డారో ఇప్పుడు అర్థమైంది. కూలీ-3 మాత్రం తానే కత్తిరించింది కాబట్టి దానికి వెంటనే తెలిసింది, అందుకే సెకను తేడా లేకుండా పడింది.

మే 15, బుధవారం

రాత్రి నిద్ర పట్టలేదు. పడిపోయినవి సరే, మళ్లీ నడుపుకోవచ్చు. పడిపోని వాటి సంగతేంటి?

2.34కల్లా ఫైలు మళ్లీ నిండుతుంది. ఆ నాలుగు నిమిషాల్లో ఏదైనా ఒక మెషిన్‌లో కొత్త ప్రాసెస్ మొదలవకపోతే, అక్కడి పాత ప్రాసెస్‌లు బతికి బయటపడతాయి. తర్వాత ఎప్పుడో పేజీలు మారతాయి, ఈసారి ఖాళీ కాదు, కొత్త పదకోశం. పాత ప్రాసెస్ తన పాత సూచీ (ఏ పదం ఫైలులో ఎక్కడుందో చెప్పే పట్టిక) లెక్కల ప్రకారం కొత్త ఫైలులో పదాలు వెతుకుతుంది. చోట్లు జరిగిపోయి ఉంటాయి. అదృష్టం బాగుంటే పిచ్చి అడ్రసుకి వెళ్లి 139తో పడిపోతుంది. బాగోకపోతే పడదు, తప్పు పదం తెచ్చి పుటలో పెడుతుంది.

ఈ ఉదయం ఆ గంటలో నడిచి, బాగానే ముగిశాయనుకున్న బ్యాచ్‌ల ఫలితాలు తీసి చూశాను. ఒకచోట "వెన్నెల" ఉండాల్సిన చోట "వెన్నుపూస". అచ్చు పుట పక్కన పెట్టుకుని చూస్తే గాని తెలియదు. జనవరి నుంచి ఆ గంటలో నడిచినవన్నీ వెతికి, అనుమానం ఉన్న 17 బ్యాచ్‌లు మళ్లీ క్యూలో వేశాను. ప్రాజెక్టు పెద్ద మేడం గారికి ఉన్నదున్నట్టు చెప్పాను. "తప్పు పదాలు పోర్టల్‌లోకి ఎక్కక ముందే తెలిసింది, అది చాలు. మిగతాది చూడండి" అన్నారు.

స్క్రిప్ట్ మార్చాను. కొత్త పదకోశాన్ని అదే ఫోల్డర్‌లో వేరే పేరుతో రాసి, డిస్క్‌కి పూర్తిగా చేరాక, చివర్లో పేరు మార్చి పాతదాని స్థానంలో పెడుతుంది. పేరు మార్పు సర్వర్ మీద ఒక్క దెబ్బలో జరిగిపోతుంది కాబట్టి ఎవరికీ సగం ఫైలు కనిపించదు. సొంత డిస్క్ మీద అయితే ఇక్కడితో కథ ముగిసేది.

మే 18, శనివారం

ముగియలేదు. మూడు రాత్రుల్లో ఐదు పడ్డాయి, అన్నీ 135లే. తప్పు పదాలు మాత్రం పూర్తిగా ఆగాయి, 139లూ లేవు. 2.30కీ 3.10కీ మధ్యే పడుతున్నాయి గానీ ముగ్గురు కలిసి పడటం లేదు. ఒక్కొక్కటి, ఒక్కో నిమిషంలో.

ఇంకో వింత. ఇంతకుముందు అందరికంటే ముందు పడే కూలీ-3 ఇప్పుడు ఒక్కసారి కూడా పడలేదు.

"అన్నా, దాని ర్యామ్ మంచిదేమో, అన్నింటికీ అదే వేయిద్దామా?" అని అడిగింది పీహెచ్‌డీ అమ్మాయి. మొదటి వారంలో అయితే నేనూ అదే అనేవాణ్ణి. ర్యామ్ అన్నింట్లో ఒకటే.

ఐదు కోర్ ఫైళ్లూ తెరిచాను. అడ్రసులు అన్నీ పదకోశంలోనే, కానీ ఐదూ వేరే వేరే చోట్లు. ఆ చోట్ల ఏ పదాలు ఉన్నాయో తీసి చూశాను. ఒకటి ఝ దగ్గర: ఝంకారము, ఝటితి, ఝరి, ఝషము. ఒకటి ఢ. ఇంకోటి ఛ. మిగతా రెండూ బండి ఱ. క, ప, మ, వ దగ్గర ఒక్కటీ లేదు.

కాసేపు ఆ జాబితా అలా చూస్తూ ఉండిపోయాను. తెలుగు పుట ఏది తీసినా క, ప, మ, వలతో మొదలయ్యే పదాలు ఉంటాయి. ఆ పేజీలు ఎప్పుడూ మెషిన్ మెమరీలోనే ఉంటాయి. ఝ తో మొదలయ్యే పదం ఏ వంద పుటలకో ఒకటి. స్కాన్ బొమ్మలు ఒక్కోటి 25 ఎంబీ, అవి వచ్చి పోతుంటే వాడని పేజీలను కెర్నల్ బయటికి తోసేస్తుంది. అంటే మెమరీలో లేని పేజీ కావలసి వచ్చి, సర్వర్‌ని అడిగినప్పుడే పడుతోంది. అడిగితే ఏం జవాబు వస్తోంది?

మే 20, సోమవారం

తెల్లవారుజామున 2.25కి లేచి కూలీ-4లోకీ, కూలీ-3లోకీ లాగిన్ అయి కూర్చున్నాను. కూలీ-4లో ఎన్‌ఎఫ్‌ఎస్ పాకెట్లు (నెట్‌వర్క్ మీద వెళ్లే సందేశాలు) పట్టి ఉంచాను. 2.30కి స్క్రిప్ట్ నడిచింది, పేరు మారింది. 2.47కి కూలీ-4లో ఒకటి పడింది. పాకెట్లలో ఆ క్షణానికి ముందు సర్వర్ పంపిన జవాబు ఉంది: స్టేల్ ఫైల్ హ్యాండిల్.

ఫైల్ హ్యాండిల్ అంటే ఆ ఫైలుకి సర్వర్ ఇచ్చిన టోకెన్. పేరుతో పని లేకుండా ఆ టోకెన్‌తోనే క్లయింట్ చదువుతుంది. పేరు మార్చి కొత్త ఫైలుని పాతదాని స్థానంలో పెట్టగానే, పాత ఫైలుకి ఇక పేరు లేదు. సొంత డిస్క్ అయితే, దాన్ని ఎవరో తెరిచి ఉంచారని కెర్నల్‌కి తెలుసు కాబట్టి, చివరివాడు మూసేదాకా ఫైలుని బతికిస్తుంది. ఎన్‌ఎఫ్‌ఎస్ మూడో వెర్షన్‌లో ఏ క్లయింట్ ఏ ఫైలు తెరిచిందో సర్వర్ గుర్తుపెట్టుకోదు. పేరు పోయింది, దాని లెక్కలో వాడేవాళ్లు లేరు, ఫైలుని చెరిపేసింది. కూలీ-4 ఝ పేజీ కోసం పాత టోకెన్ పట్టుకుని వెళితే, ఈ టోకెన్ చెల్లదు అంది.

ప్రోగ్రామ్ మామూలుగా రీడ్ పిలిచి చదివి ఉంటే ఆ తప్పు ఒక నంబరుగా తిరిగి వచ్చేది, మనం చూసుకునేవాళ్లం. కానీ ఎమ్‌మ్యాప్‌లో మనం చేసింది ఫంక్షన్ పిలవడం కాదు, మెమరీలో ఒక చోటు చూడటం. అక్కడ తప్పు చెప్పడానికి తిరిగి ఇచ్చే విలువంటూ ఏదీ లేదు. కెర్నల్ దగ్గర మిగిలిన దారి సిగ్నల్ ఒక్కటే.

ఇక కూలీ-3. 2.40కి దాంట్లో పదకోశం ఫోల్డర్‌లో దాగిన ఫైళ్లతో సహా జాబితా చూశాను. డాట్ ఎన్‌ఎఫ్‌ఎస్ అని మొదలై, వెనక పొడుగాటి అంకెలు అక్షరాలు ఉన్న ఫైలు ఒకటి, సరిగ్గా 180 ఎంబీ. పేరు మార్చమని అడిగింది కూలీ-3. ఆ పాత ఫైలుని తన దగ్గరి నాలుగు ప్రాసెస్‌లు తెరిచి ఉంచాయని దానికి తెలుసు. అందుకని సర్వర్ చెరిపేయకుండా, పాత ఫైలుకి ముందుగా ఈ దొంగపేరు పెట్టి పక్కన ఉంచింది. తనవాళ్లను తాను కాపాడుకుంది. మిగతా ఏడు మెషిన్లలో ఎవరు తెరిచారో దానికి తెలిసే దారి లేదు.

మరి ఆ దొంగపేరు ఫైలు సర్వర్ మీద ఉందంటే మిగతావాళ్ల టోకెన్ కూడా చెల్లాలి కదా అన్న ప్రశ్న వెంటనే వచ్చింది. చెల్లింది కూడా, కూలీ-3లో ఆ ఫైలు వాడుతున్న చివరి ప్రాసెస్ ముగిసేదాకా. లాగ్ చూస్తే, ఈ రాత్రి కూలీ-3లో పాత నలుగురిలో చివరిది 2.46కి ముగిసింది. దొంగపేరు ఫైలు అప్పుడే మాయమైంది. కూలీ-4 పడింది 2.47కి. మిగతా రాత్రుల సమయాలూ తీసి సరిచూశాను. ఐదింటికి ఐదూ, కూలీ-3 తన పాత బ్యాచ్‌లు ముగించాకే. నాలుగు గంటలకి కుర్రాడికి మెసేజ్ పెట్టాను. వాడూ మేలుకునే ఉన్నాడు.

ఎవరైనా ఇలాంటి ఫోల్డర్ చూసుకునేవాళ్లుంటే ఒక్క మాట. డాట్ ఎన్‌ఎఫ్‌ఎస్ ఫైళ్లు చెత్తలా కనిపిస్తాయి, జాగా తింటాయి. వాటిని చేత్తో చెరిపేయకండి. ఎక్కడో ఒక ప్రోగ్రామ్ ప్రాణం దాని మీద ఉంటుంది.

మే 21, మంగళవారం

కారణం దొరికింది కాబట్టి ఈ రోజు పరిష్కారాల మీద చర్చ. రెండు సూచనలు వచ్చాయి, రెండూ వద్దన్నాను. ఎందుకో రాసి పెడతాను.

మొదటిది, క్లయింట్‌లో వివరాలను దాచుకోవడమే ఆపేయడం. కూలీ-8 మీద పెట్టి చూశాం. బ్యాచ్ సమయం 40 నుంచి 70 నిమిషాలకి పోయింది. పైగా మన జబ్బు అది కాదు. చెరిపేసిన ఫైలుని ఎంత తాజాగా అడిగినా చెరిపేసిందే.

రెండోది, మౌంట్‌ని (సర్వర్ ఫోల్డర్‌ని మెషిన్‌కి తగిలించే తీరుని) హార్డ్ నుంచి సాఫ్ట్‌కి మార్చడం. దీనికి గట్టిగా అడ్డుపడ్డాను. హార్డ్ మౌంట్‌లో సర్వర్ ఆగిపోతే క్లయింట్ ఎంతసేపైనా ఎదురుచూస్తుంది. సాఫ్ట్‌లో కొన్ని ప్రయత్నాల తర్వాత తప్పు అని చెప్పి వదిలేస్తుంది. ఎమ్‌మ్యాప్ చేసినవాడికి ఆ తప్పు మళ్లీ బస్ ఎర్రర్‌గానే వస్తుంది. రాస్తున్నవాడికి అయితే ఫలితం సగం రాసి మిగతాది పోయే ప్రమాదం ఉంది. ఆగిపోయిన ప్రోగ్రామ్ విసుగు తెప్పిస్తుంది, నిజమే. కానీ సర్వర్ లేచాక ఆగిన చోటు నుంచే సాగుతుంది.

మే 23, గురువారం

మధ్యాహ్నం 3.50కి ఆరు పడ్డాయి. పగలు! పదకోశాన్ని ఎవరూ ముట్టుకోలేదు.

కోర్ తెరిస్తే ఈసారి అడ్రసు పదకోశంలో లేదు, ప్రోగ్రామ్ ఫైలులోనే ఉంది. కుర్రాణ్ణి పిలిచాను.

"మూడున్నర ప్రాంతంలో ఏమైనా కంపైల్ చేశావా?"

"చేశానన్నా. మూడింటికి ఒకసారి బిల్డ్ చేసి బ్యాచ్‌లు వేశాను. చిన్న తప్పు కనిపిస్తే మూడున్నరకి మళ్లీ బిల్డ్ చేశాను. కానీ నడుస్తున్నవి పాతవే కదా, అవి ఎప్పుడో మెమరీలోకి ఎక్కేసి ఉంటాయి కదా?"

చాలామందిలాగే నేనూ ఒకప్పుడు అలాగే అనుకున్నాను. ప్రోగ్రామ్ ఫైలు కూడా పదకోశం లాంటిదే. కెర్నల్ దాన్ని మొత్తం ఎక్కించదు, మ్యాప్ చేసి, నడవాల్సిన భాగం వచ్చినప్పుడు ఆ పేజీ తెస్తుంది. లింకర్ (బిల్డ్ చివర ప్రోగ్రామ్ ఫైలు రాసే పనిముట్టు) కొత్త ఫైలు రాసే ముందు పాతదాన్ని చెరిపేస్తుంది. కుర్రాడి బిల్డ్ మెషిన్‌కి కూలీలు ఏం వాడుతున్నాయో తెలియదు. మళ్లీ అదే చెల్లని టోకెన్. పడిన ఆరూ చివరి దశలో, ఫలితాలు ఫైలుకి రాసే ఫంక్షన్‌లోకి అడుగుపెడుతూ పడ్డాయి. ఆ బిల్డ్‌తో అంతవరకూ ఏ బ్యాచ్ ముగియలేదు, ఆ భాగం పేజీలు ఏ మెషిన్‌లోకీ రాలేదు. దాదాపు 40 నిమిషాలు కష్టపడి, గడప దగ్గర పడ్డాయన్నమాట.

సొంత డిస్క్ మీద నడుస్తున్న ప్రోగ్రామ్ మీదికి కాపీ చేయబోతే "టెక్స్ట్ ఫైల్ బిజీ" అని కెర్నల్ చెయ్యి పట్టుకుని ఆపుతుంది. ఇక్కడ వేరే మెషిన్ నుంచి చేస్తే ఆపేవాడు లేడు. మామూలు రోజుల్లో మధ్యాహ్నాలు పడి, పోలింగ్ రోజు పగలు ఎందుకు పడలేదో ఈ రోజుకి తేలింది. మొదటి నుంచీ ఉన్నవి రెండు సమస్యలు. ఒకటే అనుకుని వెతకడం వల్ల సమయాలు ఏ లెక్కకీ కుదరలేదు.

మే 27, సోమవారం

రోహిణి కార్తె. రెండో ఏసీ బాగుచేయించారు. కొత్త ఏర్పాటు పూర్తయింది.

సర్వర్ మీద ఏ ఫైలునీ దాని స్థానంలోనే మార్చం. పదకోశం ప్రతి రాత్రీ తేదీ ఉన్న కొత్త పేరుతో వస్తుంది. ప్రోగ్రామ్ ప్రతి బిల్డూ తన సొంత ఫోల్డర్‌లో ఉంటుంది. "ఇప్పటిది" అనే సింబాలిక్ లింక్ ఒకటి తాజా వెర్షన్‌ని చూపిస్తుంది, మారేది అదొక్కటే. ఆ లింక్ మారిన సంగతి ఒక మెషిన్‌కి నిమిషం ఆలస్యంగా తెలిసినా ఇబ్బంది లేదు, పాత ఫైలు అక్కడే ఉంది కాబట్టి.

బ్యాచ్ మొదలయ్యే ముందు ప్రతి కూలీ తాజా వెర్షన్ తన డిస్క్ మీద ఉందో లేదో చూసుకుంటుంది. లేకపోతే తాత్కాలిక పేరుతో కాపీ చేసి, చెక్‌సమ్ (కాపీ సరిగ్గా వచ్చిందో చెప్పే అంకె) సరిపోయాక పేరు మార్చుకుని, అక్కడి నుంచే నడుపుతుంది. 180 ఎంబీ కాపీకి మా గిగాబిట్ లైను మీద రెండు సెకన్లు. ఎనిమిదీ ఒకేసారి అడిగితే 13, 14 సెకన్లు. 40 నిమిషాల పనికి ఇది లెక్కలోకి రాదు. స్కాన్లు మాత్రం సర్వర్ నుంచే చదువుతాం, వాటిని ఎవరూ మార్చరు.

మేడం గారు అడిగారు, ఇంత తేలికైతే మొదటి రోజే ఎందుకు ఇలా పెట్టలేదని. మొదట్లో పదకోశం మారేది కాదు, ప్రూఫ్ పని మొదలయ్యాక రోజూ మారడం మొదలైంది. ఏర్పాటు పాతదే ఉండిపోయింది.

పాత వెర్షన్లు సర్వర్ మీద ఏడు రోజులు ఉంటాయి. చెరిపే స్క్రిప్ట్ రాసింది పీహెచ్‌డీ అమ్మాయి. లింక్ చూపిస్తున్న వెర్షన్‌ని ఎంత పాతదైనా ముట్టుకోకుండా ఒక షరతు తనే చేర్చింది. నాకు తట్టలేదు. వారం రోజులకు మించి పదకోశం తయారీ ఆగిపోయి ఎవరూ గమనించకపోతే ఏమవుతుందో ఆలోచించి పెట్టింది.

జూన్ 3, సోమవారం

వారం. 135 ఒక్కటీ లేదు, 139 ఒక్కటీ లేదు. ఈ ఉదయం 32 ప్రాసెస్‌లూ నడుస్తుండగా కావాలనే పదకోశం రెండుసార్లు తయారుచేయించాను, కుర్రాడితో మూడుసార్లు బిల్డ్ చేయించాను. ఎవరూ పడలేదు.

మళ్లీ వేసిన 17 బ్యాచ్‌లలో చివరిది కూలీ-6 మీద ఇందాకే ముగిసింది. 143వ పుటలో సముద్రాన్ని వర్ణించే పద్యం ఉంది, అందులో "ఝషము" సరిగ్గా పడింది. అరసున్నలు రెండు పోయాయి. ప్రూఫ్ చూసే అమ్మగారికి పుట పంపాను.